కుంచాలవలస కోళ్ళ మహలు

కుంచాలవలస జమీందారుగారి వైభవంలో ఇవాళ్టికి మిగిలింది కోళ్ళగూడు ఒక్కటే. కోట గోడల రాళ్ళు ఊళ్ళోవాళ్ళ పునాదుల్లోకి పోయాయి. దివాణం తలుపులు సంతలో అమ్ముడుపోయాయి. ఏనుగులు కట్టేసే చోట రైసుమిల్లు వచ్చింది. కోళ్ళగూటిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది గౌరవం కాదు. ముట్టుకుని చేసుకునేదేమీ లేదు. మనిషి నిలబడదామంటే నెత్తి తగులుతుంది, గొడ్డుని కడదామంటే పట్టదు, ధాన్యం పోస్తే ఎనిమిది గుమ్మాల్లోంచీ కారిపోతుంది.

నూరేళ్ళ కిందట అప్పటి జమీందారుగారు మద్రాసులో ఒక దొరగారింట్లో బొమ్మల పుస్తకం ఒకటి చూశారు. ఇంగ్లీషు సీమలో ప్రభువులు తమ ఎస్టేట్లలో కోళ్ళకి కట్టించిన ఇళ్ళ బొమ్మలవి. ఒకాయన చర్చికి ఉన్నట్టు పైన మొనదేలిన కిటికీలు పెట్టించాడు. ఇంకొకాయన చీనా గోపురం లేపాడు. మరొకాయన వంటింటి గోడకి ఆనించి కట్టించి, పొయ్యి వేడి కోళ్ళకి తగిలే ఏర్పాటు చేశాడు. ఏది వదులుకోవాలో తెలియక మన జమీందారుగారు అన్నీ కావాలన్నారు. ఎనిమిది పలకల మంటపం లేచింది. రంగుటద్దాల కిటికీలు, పైన గుమ్మటం, వెనక గోడలో ఒక పొయ్యి. వైశాఖమాసంలో కోళ్ళకి వెచ్చదనం అందించగల కట్టడం జిల్లా మొత్తానికి అదొక్కటే.

కోళ్ళు లోపలికి వెళ్ళలేదు. ఆ వైపు కోడికి ఇల్లంటే గంప. పొద్దు వాలే వేళకి పిలిచి, నాలుగు నూకలు చల్లి, మీద వెదురుగంప బోర్లిస్తే దాని కాపురం కుదిరినట్టే. జమీందారుగారు నలుగురు బంట్రోతుల్ని పెట్టి లోపలికి తోలించారు. ఒక గుమ్మంలోంచి తోలిన కోడి తక్కిన ఏడు గుమ్మాల్లో ఏదో ఒకదాంట్లోంచి బయటికొచ్చేది. కలెక్టరు దొర విందుకి వచ్చిన రోజున మాత్రం కోళ్ళ కాళ్ళకి దారాలు కట్టి కిటికీల్లో కూచోబెట్టారట. దొర మెచ్చుకుని వెళ్ళాడు. దారాలు విప్పగానే కోళ్ళు కూడా వెళ్ళిపోయాయి.

ఆ కోళ్ళగూడు ఉన్న పెరడూ, దాన్నానుకున్న పాత గుమస్తా ఇల్లూ ఇప్పుడు లోకనాథంగారివి. ఆయన పట్నంలో కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఆ మహల్లోకి మొట్టమొదట కోళ్ళని పంపిన ఘనత ఆయన భార్య రత్నావళిది. ఆవిడ ఏ బొమ్మల పుస్తకమూ చూడలేదు. కిటికీలకి గోనెసంచులు కట్టింది, ఏడు గుమ్మాలకి ఇటికలు అడ్డం పేర్చింది, లోపల నాలుగు గంపలు తెచ్చి పెట్టింది. ఆ సాయంత్రమే కోళ్ళు నడుచుకుంటూ వెళ్ళి పడుకున్నాయి. రత్నావళి పోయి రెండేళ్ళయింది. ఆవిడ పెంచినవాటిలో పదమూడు కోళ్ళు మిగిలాయి. పొద్దున్నే గంప ఎత్తితే అవి ఆయన వంక తల పక్కకి వంచి చూస్తాయి. ఆ ఇంట్లో ఆయన కోసం ఎదురుచూసేవి అవే కాబట్టి, ఆ చూపు ఆయనకి ఆ రోజుకి సరిపోతుంది.

అందులో బూడిదరంగు పెట్ట ముసలిది. రత్నావళి దాన్ని గుప్పెట్లో పట్టేంత పిల్లగా ఉన్నప్పటినుంచి సాకింది. ఇక గుడ్లు మానేసిందనుకుంటే, ఆ మాఘమాసంలో తొమ్మిది గుడ్లు పెట్టి, గూట్లో ఒక మూల గడ్డి లాక్కుని, పొదుగు మీద కూచుంది. లోకనాథంగారు కాలెండరు మీద ఇరవై ఒకటో రోజుకి సున్నా చుట్టారు.

మూడో రోజున ముకుందరావు వచ్చాడు.

అతను గ్రామీణ కట్టడాల వారసత్వ మండలిలో పరిరక్షణ సహాయకుడు. ఆ మండలి కష్టం వేరు. కోటలు ఒక శాఖ పట్టుకుపోయింది, గుళ్ళు ఇంకో శాఖ, దిగుడుబావులు మూడో శాఖ. కొత్తగా పుట్టిన మండలికి కాపాడ్డానికి ఏమీ మిగల్లేదు. అందుకని ఆ ఏడాదిని కోళ్ళగూళ్ళ సంవత్సరంగా ప్రకటించి, జిల్లాకొకటి చొప్పున వెతకమని సిబ్బందిని తోలింది.

ముకుందరావు పెరట్లో ఒక నీలం బోర్డు పాతించి, జేబులోంచి కాగితం తీసి చదివాడు. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, కుంచాలవలస అష్టముఖ కుక్కుట మందిరము రక్షిత కట్టడముగా ప్రకటించబడినది. సదరు కట్టడమును ఆక్రమించి నివసించుచున్న పదమూడు కోళ్ళు పదిహేను దినములలో ఖాళీ చేయవలెను."

"కోళ్ళగూట్లోంచి కోళ్ళు ఖాళీ చెయ్యాలా?" అన్నారు లోకనాథంగారు.

"అవునండి. కట్టడం పాడవుతుంది కదండీ, కోళ్ళుంటే."

"ఒక పెట్ట పొదుగు మీదుందండీ. ఇవాళ్టికి మూడు రోజులు. మీరిచ్చిన గడువుతో కలిపి పద్దెనిమిది. ఇంకో మూడు రోజులు ఓపిక పడితే పిల్లలవుతాయి. ఇప్పుడు చోటు మారిస్తే ముసలిది, మళ్ళీ కూచోదు. గుడ్లు మురిగిపోతాయి."

ముకుందరావు నోటీసు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో గుడ్ల మాట లేదండి. అర్జీ పెట్టుకోండి."

మూడు రోజులన్న మాట లోకనాథంగారి మనసులో పట్టుకుంది. ముప్పై ఏళ్ళపాటు ప్రతి ఏడూ ఆయన ప్రాక్టికల్సుకి సరిగ్గా డెబ్బై రెండు గంటలు పొదిగిన గుడ్లు తెప్పించేవారు. పెంకు మీద గుండ్రంగా కత్తిరించి, లోపలి పిండాన్ని తీసి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టేవారు. ఎర్రటి చుక్క ఒకటి తపతపా కొట్టుకుంటూ ఉండేది. "గుండె. త్వరగా బొమ్మ వేసుకోండి, ఎక్కువసేపు ఉండదు" అని పిల్లలకి చెప్పేవారు. అలా ఎన్ని గుండెలు ఆగాయో ఆయన లెక్కపెట్టుకోలేదు. ఈ తొమ్మిదీ ఆగకూడదని మాత్రం ఆ మధ్యాహ్నం గట్టిగా అనుకున్నారు.

వారం తిరగకుండా ముకుందరావు మళ్ళీ వచ్చాడు, ఈసారి ఫొటో పట్టుకుని.

"మేష్టారూ, మీ ఎర్రపుంజు మీద రిపోర్టు వెళ్ళిందండి."

"ఏమని?"

"అనధికార తవ్వకం. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల ఎవరూ తవ్వకూడదండి. మొన్న మా వాళ్ళు కొలతలకి వచ్చినప్పుడు మీ పుంజు గోడ పక్కన కాళ్ళతో తవ్వి ఒక రంగుటద్దం ముక్క బయటికి తీసింది. ఇదిగో ఫొటో. పైగా దొరికిన ప్రాచీన వస్తువుని మండలికి అప్పగించకుండా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది."

పక్కింటి పారమ్మ చీపురు పట్టుకుని అక్కడే ఉంది. రత్నావళి ఉన్నప్పటినుంచీ ఆ కోళ్ళ మంచీ చెడూ ఆవిడే చూస్తుంది.

"ఏటి బాబూ, కోడి గెలకడం కూడా తప్పేనేటి?" అంది. "గెలక్కపోతే ఏటి తింతాది?"

"గెలకొచ్చమ్మా. వంద మీటర్ల అవతల."

"వంద మీటర్లంటే ఎందాక?"

"రైసుమిల్లు దాకా."

"ఓలమ్మ! మరి నిన్న నాను మా దొడ్డిలో వంగనారు నాటినాను. నన్ను కూడా ఒట్టుకెళిపోతారేటి?"

ముకుందరావు గబగబా రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. "నాకు చెప్పకమ్మా. చెబితే రాయాలి."

లోకనాథంగారికి ఆ కుర్రాడి మీద ఆ క్షణం నుంచీ కోపం పోయింది.

అర్జీ పట్టుకుని ఆయన స్వయంగా జిల్లా ఆఫీసుకి వెళ్ళారు. మండలి సంచాలకులు డాక్టర్ ఆనందవర్ధన్‌గారు అప్పటికే కుంచాలవలస కోళ్ళగూటి మీద నాలుగు వందల పేజీల నివేదిక రాసి, పట్టుబట్ట చుట్టి బల్ల మీద పెట్టుకుని ఉన్నారు. ఆయన కూచోమనడంలో కూడా ఉపన్యాసం ఉంది.

"మీరు అదృష్టవంతులండీ. ఒక నాగరికత మీ పెరట్లో నిలబడి ఉంది. ఎనిమిది ముఖాలు, అష్టదిక్కులు! అగ్నిమూలన పొయ్యి! పాశ్చాత్య ఎస్టేటు శిల్పమూ, మన సనాతన దృష్టీ కలిసి ఒక కోడి మీద కేంద్రీకృతమైన అపురూప సందర్భం."

"చిత్తం. ఆ పెట్టకి మూడు రోజులు..."

"వ్యక్తిగతంగా కుక్కుటాలంటే నాకు అపారమైన గౌరవం. కానీ మీవి వర్తమాన కుక్కుటాలు. అక్కడ ఉండదగినవి వారసత్వ కుక్కుటాలు. మీ కోళ్ళ పూర్వీకులు నూరేళ్ళ కిందట సదరు మందిరంలో నివసించినట్టు ఏదైనా ధ్రువపత్రం ఉందా?"

లోకనాథంగారు చదువు చెప్పిన మనిషి. అబద్ధం నోటికి రాదు. "అసలు నూరేళ్ళ కిందట అందులో ఏ కోడీ ఉండలేదండీ. మొదట వెళ్ళినవి మా ఆవిడ పంపినవే. గంపలు పెడితే వెళ్ళాయి" అన్నారు.

సంచాలకులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాలుగు వందల పేజీల వంక ఒకసారి చూసుకున్నారు. "చరిత్రని వక్రీకరించకండి" అన్నారు, ఎంతో మృదువుగా. "పైగా మీ అర్జీలో మీరే రాశారు, ఆ పెట్ట గడ్డి పేర్చుకుని గూడు కట్టుకుందని. వంద మీటర్ల లోపల అది నూతన నిర్మాణం. నేను దాన్ని చూడనట్టు వదిలేస్తున్నానంటే అది నా సంస్కారం."

"మూడు రోజులండీ. మూడంటే మూడు."

"మూడు రోజుల పొడిగింపుకి మా దగ్గర నమూనా పత్రం లేదు. ముప్పై ఏళ్ళ లీజుకి ఉంది. కావాలా?"

ముప్పై ఏళ్ళ లీజుకి కోడి స్వయంగా వేలిముద్ర వెయ్యాలి. లోకనాథంగారు నమస్కారం పెట్టి లేచారు.

ఆయన వచ్చేశాక మండలికి ఒక అనుమానం పట్టుకుంది. కోళ్ళు లేని కోళ్ళగూడు కోళ్ళగూడని చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఉపసంఘం రెండు రోజులు కూచుంది. నిజం కోళ్ళు కట్టడానికి ప్రమాదకరం కనకా, కోళ్ళు లేకపోవడం కట్టడానికి అవమానకరం కనకా, ఖాళీ చేసే ఒక్కో కోడికీ బదులుగా ఒక్కో ప్రతిరూప కుక్కుటం, అంటే ప్లాస్టరు బొమ్మ, నెలకొల్పాలని తీర్మానం అయింది. పదమూడు కోళ్ళకి పదమూడు బొమ్మలు. అవి తవ్వవు, కట్టవు, రెట్ట వెయ్యవు. నిజానికి జమీందారుగారి కాలంనుంచీ ఆ మహలు ఎదురుచూస్తున్న కోళ్ళు అవే.

పద్దెనిమిదో రోజు పొద్దున్న బొమ్మలు వ్యానులో దిగాయి. చేసిన శిల్పి ఏటా వినాయక విగ్రహాలు చేసే మనిషి. చెయ్యి తిరిగిన అలవాటు పోక, ప్రతి కోడికీ పద్మాల్లాంటి విశాలనేత్రాలు, వాటి మీద వంపు తిరిగిన కనుబొమలు దిద్దాడు. పన్నెండు కోళ్ళని పారమ్మ గంపల్లో పెట్టుకుని మిల్లు అవతల తన తమ్ముడి దొడ్డికి చేర్చి వచ్చింది. బూడిద పెట్ట మూలలో కదలకుండా కూచుంది.

ముకుందరావు బొమ్మల్ని వరసగా పేర్చి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"పన్నెండే ఉన్నాయండి" అన్నాడు.

"వ్యాన్లో చూడకపోయావా?"

"వ్యాను వెళ్ళిపోయిందండి. పదమూడు ముట్టాయని సంతకం పెట్టేశాను. నిన్న ఆఫీసులోనే పెట్టించారండి, వ్యాను బయల్దేరకముందే. మా ఆఫీసులో వస్తువు రావడానికి ముందే వచ్చినట్టు రాయడం ఆనవాయితీ. లేకపోతే పంపరు." అతను గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. "ప్రతిరూప కుక్కుటం మాయం చేశానని రాస్తారండి. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు కూడా కాలేదు."

లోకనాథంగారు లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి అతని చేతిలో పెట్టారు. అతను తాగుతూ తలెత్తి చూశాడు. ఎదురుగా మూలలో బూడిద పెట్ట రెక్కలు కొద్దిగా విప్పుకుని, మెడ లోపలికి ముడుచుకుని, రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తోంది. మజ్జిగ గ్లాసు ఖాళీ అయ్యేదాకా అది కదల్లేదు.

"ఇది ఇలాగే ఉంటుందాండీ ఎప్పుడూ?"

"పొదుగు మీదున్నన్నాళ్ళూ ఇంతే. రోజుకొకసారి లేచి తిని, నీళ్ళు తాగి, పది నిమిషాల్లో వచ్చేస్తుంది."

"ఎన్నింటికి లేస్తుందండి?"

"ఒంటిగంటకి."

"భోజనాల వేళ. ఆఫీసువాళ్ళెవరూ ఉండరు." ముకుందరావు గ్లాసు కింద పెట్టి లేచాడు. జేబులోంచి తెల్లరంగు డబ్బా తీసి, బొమ్మలన్నిటి ముందూ నేల మీద నంబర్లు వేసుకుంటూ వెళ్ళాడు. పన్నెండు వేశాక ఒక్క క్షణం ఆగాడు. తరవాత వంగి, పెట్టకి జానెడు దూరంలో జాగ్రత్తగా పదమూడు వేశాడు. పెట్ట ఆ అంకెని ఒక పోటు పొడిచి ఊరుకుంది.

పారమ్మ ఇదంతా చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అమ్మగారుంటే ఎంత నవ్వీవోరో మేస్టారుబాబూ" అంది.

ఇరవై ఒకటో రోజు పదకొండు గంటలకి ప్రారంభోత్సవం. సంచాలకులతో పాటు ఉపసంఘం సభ్యులు నలుగురు వచ్చారు. తెల్లవారుజామునుంచీ పెట్ట కిందనుంచి సన్నగా పెంకు చిట్లే చప్పుడు వస్తోంది. పదింటికల్లా కిచకిచ మొదలైంది. లోకనాథంగారు గుమ్మం పక్కన నిలబడ్డారు. ఎవరైనా పెట్టని పట్టి ఎత్తితే, తడి ఆరని పిల్లలు గాలికి తట్టుకోలేవు. ఇన్ని రోజులూ దాటి, ఆఖరి పూట దగ్గర ఆగిపోతాయి.

సంచాలకులు వంగి లోపలికొచ్చి బొమ్మల్ని ఒక్కొక్కటే పరిశీలించారు. "అద్భుతం. ఆ చూపులో ఎంత వాత్సల్యం! కనుబొమలు చూడండి." సభ్యులు చూశారు. అలా పన్నెండూ దాటి మూలకి వచ్చారు.

"ఇదేమిటి ఇలా చేశాడు?"

ముకుందరావు గొంతు సవరించుకున్నాడు. "పదమూడవదండి."

"జీవం లేదయ్యా ఇందులో. ఆ రంగేమిటి, దుమ్ము కొట్టుకుపోయి? కళ్ళు మరీ చిన్నవి. పోలికే లేదు. శిల్పి చివరికొచ్చేసరికి శ్రద్ధ తగ్గించాడు." ఆయన చెవి ఒగ్గారు. "ఆ శబ్దం మాత్రం బాగా కుదిరింది. స్పీకర్లు ఎక్కడ పెట్టారు?"

"కిందండి" అన్నాడు ముకుందరావు. అది అబద్ధం కాదు.

"బాగుంది. కానీ ఈ బొమ్మ తీసేసి వేరేది చేయించండి. కాస్త అలా ఎత్తండి, అడుగున శిల్పి పేరుందేమో చూద్దాం."

ముకుందరావు చేతులు కదల్లేదు. లోకనాథంగారు ఒక అడుగు ముందుకేశారు, ఏం చెప్పాలో తెలియకుండానే. సరిగ్గా అప్పుడు పెట్ట ఎడమరెక్క కింది ఈకలు తొలిగి, పసుపుపచ్చటి తల ఒకటి బయటికొచ్చింది. అది ఆవలించి, సంచాలకుల వంక చూసి, "కిచ్" అంది.

ఉపసంఘం సభ్యులు నలుగురూ కిటికీల్లోంచి నాలుగు దిక్కులకీ చూడడం మొదలుపెట్టారు.

సంచాలకుల చేతిలో ఆ రోజు కార్యక్రమ పత్రం ఉంది. సదరు కట్టడంలో సజీవ కుక్కుటం ఏదీ లేదనీ, పదమూడు ప్రతిరూపాలూ స్వయంగా తనిఖీ చేశాననీ ఆయన పొద్దున్న అతిథిగృహంలో కాఫీ తాగుతూ సంతకం చేసేశారు. అదే నకలు పైవారికి కూడా వెళ్ళిపోయింది. ఆయన పిల్లని చూశారు, పత్రాన్ని చూశారు, మళ్ళీ పిల్లని చూశారు. తరవాత నెమ్మదిగా కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

"ముకుందరావ్, ఇక్కడ వెలుతురు తక్కువగా ఉంది" అన్నారు. "నాకేమీ కనబడ్డం లేదు. పదండి, రిబ్బను కత్తిరిద్దాం."

పది రోజుల తరవాత మండలినుంచి ఉత్తర్వు వచ్చింది. లోకనాథంగారు అరుగు మీద కూచుని చదువుతుంటే పారమ్మ నూకల చేట పట్టుకుని వచ్చింది. తొమ్మిదింటిలో ఒక గుడ్డు మురిగింది. తక్కిన ఎనిమిదీ తల్లి వెంట పెరడంతా తిరుగుతున్నాయి.

"ఏటంతన్నాది బాబూ కాగితం?"

"'పదమూడవ ప్రతిరూప కుక్కుటము రక్షిత కట్టడములో అంతర్భాగమైనందున, సంచాలకుల వ్రాతపూర్వక అనుమతి లేనిదే దానిని ఎవరును కదిలించరాదు. అది తనంతట తాను కదిలినచో మండలికి సంబంధము లేదు.'"

"పోన్లెండి. మరి పిల్లలో?"

"'ప్రతిరూపములకు సంతానము కలుగదు గనుక సదరు పిల్లలు లేవు. లేనివాటిని ఖాళీ చేయించు అధికారము మండలికి లేదు.'"

పారమ్మ చేటలోంచి గుప్పెడు నూకలు తీసి చల్లింది. ఎనిమిదీ పరుగెత్తుకొచ్చి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఆవిడ కాళ్ళ మధ్య దూరి తినసాగాయి.

"లేవేటి? ఎదరగా తింతంటే లేవంతారేటి! వోరి నా బాబో! నాను ఎల్లి సెప్పనా ఆ బాబుకి, ఉన్నాయని?"

"ఊరుకో పారమ్మా, గట్టిగా అనకు" అన్నారు లోకనాథంగారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తనూ గుప్పెడు నూకలు తీసుకున్నారు. "ఉన్నాయని తెలిస్తే నోటీసిస్తారు."